డిజర్టెడ్ వైఫ్

ఆయా పనికి దరఖాస్తు ఇవ్వడానికి సాయంత్రమే గడువు. జోగమ్మ హిందీ ప్రాంతమైన బాగ్‌బేరాలోని అద్దె గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. మెట్రిక్ చదివే కూతురు ఈశ్వరి ఫారం నింపుతోంది.

"అమ్మా, 'డిజర్టెడ్ వైఫ్' దగ్గర టిక్ పెట్టాను. అలాంటివాళ్లకే పెహ్లే, అందరికన్నా ముందు, పని ఇస్తారట."

"అంటే ఏటి?"

"పాస్ట్ పార్టిసిపుల్. లాక్డ్ డోర్ అంటే తాళం వేసిన తలుపు. తలుపు ఏమీ చెయ్యదు, ఎవరో దానికి తాళం వేస్తారు. అలాగే ఇది మొగుడు వదిలేసిన పెళ్లాం."

జోగమ్మ ఆగిపోయింది. "కొట్టీ."

"క్యోఁ? ఎందుకు కొట్టెయ్యాలి? నాన్న మనల్ని వదిలేశాడు కదా!"

"అలాగని అందరికీ నానే సెప్పినాను. ఆడపిల్లని నిన్ను ఎవులికో ఇచ్చీమన్నాడు. ఆ పొద్దే నిన్నెత్తుకుని రైలెక్కీసినాను. ఆడు వదల్లేదు, నానే వదిలీసినాను."

ఈశ్వరి ఫారం మీంచి పెన్ను ఎత్తింది. "పని రాకపోతే?"

"రాకపోనీ."

మొగుణ్ణి వదిలేసిన ఆడదానికి ఆ కాగితంలో గడి లేదు. ఈశ్వరి తను పెట్టిన టిక్‌ని గీత గీసి కొట్టేసి, పక్కన ఇంగ్లీషులో రాసింది: 'షీ లెఫ్ట్ హిమ్.'

"ఏటి రాసినావు?"

"ఆమే అతన్ని వదిలేసింది అని."

జోగమ్మ కింద వేలిముద్ర వేసి, ఫారం పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తింది.