గొంతు ముందుకొచ్చే జత

"ఇప్పుడిది వినండమ్మా," అంటూ షాపాయన రెండో జత స్పీకర్లకు వైరు మార్చాడు.

డోలు మోగింది. కుర్చీ కింద నేల అదిరింది. పాడే మనిషి మాత్రం బావిలోంచి పాడుతున్నట్టున్నాడు.

"ఇదీ లెక్క," అన్నాడు అన్నయ్య. "ఖాయం చేసెయ్ చిట్టీ."

చిట్టికి యాభై రెండేళ్లు. బట్టలు కుట్టే షాపు నడుపుతుంది. అన్నయ్య ముప్ఫై ఏళ్లు స్టూడియోలో పాటలు రికార్డు చేసి రిటైరయ్యాడు. చుట్టాల్లో ఎవరు రేడియో కొన్నా, ఆఖరికి కాలింగ్ బెల్లు కొన్నా ఆయన విని తలూపాల్సిందే.

"మొదటి జతలో మాట తెలిసింది అన్నయ్యా. ఇందులో దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది."

"నీకు అలవాటు లేక అలా అనిపిస్తోంది. ఆ మొదటిది గొంతును ముందుకు తోసేస్తుంది. గంటసేపు వింటే తలనొప్పి ఖాయం."

"ఎవరి చెవి వాళ్లది సార్," అన్నాడు షాపాయన. "డోళ్లూ డప్పులూ వినేవాళ్లకు ఇది. అమ్మగారు పాటలు వింటానన్నారు కాబట్టి గొంతు ముందుకొచ్చే జతే..."

"మీరు స్పీకర్లు అమ్మారు. నేను వాటితో బతికాను."

చిట్టి సంచిలోంచి వదిన పాటల డిస్కు తీసింది.

"ఒక్కసారి దీంతో చూద్దామా?"

"అది పాత రికార్డింగు. దాంతో పరీక్షిస్తే స్పీకర్లకే చెడ్డపేరు." డిస్కును తనే మళ్లీ సంచిలో పెట్టి, జిప్పు లాగాడు అన్నయ్య.

ఆ డిస్కులో మొదటి పాట నిజానికి చిట్టి పాడాల్సింది. ఇరవై ఆరేళ్ల కిందట అన్నయ్యే స్టూడియోకు తీసుకెళ్లాడు. ఒక పూటంతా పాడింది. ముక్కుతో పొట్టి ఊపిరి తీస్తున్నావని అన్నయ్య మధ్యలో రెండుసార్లు ఆపాడు. మూడో చరణంలో స్వరం పైకెక్కే చోట గొంతు చీలిందని, టేపు చెరిపేశానని సాయంత్రం చెప్పాడు. మర్నాడు అదే పాట వదిన పాడింది. ఆ మూడో చరణంతోనే వదినకు పేరొచ్చింది. తర్వాత ఎన్ని పాటలు పాడినా అంత పైకెళ్లే పాట మళ్లీ ఒప్పుకోలేదు. సభల్లో ఆ చరణం వచ్చేసరికి మైకు జనం వైపు తిప్పేది. జనం మురిసిపోయేవారు.

చిట్టి మళ్లీ పాట జోలికి పోలేదు. చీలిందని అన్నయ్య అన్నాడంటే చీలినట్టే. అయినా ఎక్కడో ఒక ముల్లు మిగిలింది. నిజంగా తనకు చేతకాలేదా? ఇన్నేళ్లూ కుట్టుమిషను పక్కనున్న రేడియోలో, ఫోన్లో విన్నదే తప్ప ఆ పాటను నికార్సుగా ఎప్పుడూ వినలేదు. ఒక్కసారి విని, అంతటి గొంతు తనకు లేదని ఒప్పేసుకుంటే ఆ ముల్లు ఊడిపోతుంది. స్పీకర్లు అందుకే.

"సరే, నీ మాటే," అంది.

అన్నయ్య కారు తేవడానికి వెళ్లాడు.

"ఇంట్లో వినేది మీరా అమ్మా, సారా?" అడిగాడు షాపాయన.

"నేనే."

"మరి కాలు మీదైతే, చెప్పు ఆయన తొడుక్కుని చూస్తారేంటి? ఆ డిస్కు ఇటివ్వండి."

చిట్టి నవ్వి ఇచ్చింది. అతను వైరు తీసి మొదటి జతకు తగిలించాడు.

వదిన గొంతు రెండు పెట్టెల మధ్యకొచ్చి నిలబడింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. పల్లవి అయింది. ఒక చరణం, ఇంకో చరణం. చిట్టి కళ్లు మూసుకుంది. మూడోది ఎత్తుకునే ముందు ముక్కుతో తీసిన పొట్టి ఊపిరి ఒకటి వినిపించింది.

కళ్లు తెరిచింది.

"మళ్లీ పెట్టండి. ఆ చరణమొక్కటే."

పాడిందే పాటరా అన్నట్టు షాపాయన మూడుసార్లు పెట్టాడు. నాలుగోసారి మోగుతుండగా అన్నయ్య తాళాలు ఆడిస్తూ లోపలికొచ్చాడు. ఏ జత మోగుతోందో చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఆపేయండి," అన్నాడు షాపాయనతో.

"ఉండనీ అన్నయ్యా," అంది చిట్టి.

పాట నడుస్తోంది.

"మీ వదిన గొంతు బాగానే పలుకుతోందిగా," అన్నాడు అన్నయ్య, చేతిలో తాళాలకేసి చూస్తూ.

"పలికింది. రెండు చరణాల దాకా."

మూడో చరణం పాడుతున్న గొంతు చిట్టిది.