ఏటిదాకా నడక

కొత్త ఏడాది వస్తోంది, పనివాళ్లను కాస్త సంతోషపెట్టాలని గానుగ పెత్తనం చూసే కుక్క హడావుడి పడుతోంది. "మామా, నీకేం కావాలి?" అని ముసలి గానుగెద్దు మచ్చన్నను అడిగింది.

"నడవాలనుంది అల్లుడూ. తిన్నగా, ఏటిదాకా," అన్నాడు మచ్చన్న. దూడప్పుడు తాగిన ఆ నీళ్ల చల్లదనం ఇంకా నాలుక మీదే ఉంది.

కుక్క నడకకు ఒప్పుకుంది, ఏటికి ఒప్పుకోలేదు. ఏడాది మొదటిరోజు కాడి దించి, కళ్లగంతలు విప్పి, మెడలో బంతిపూల దండ వేసింది. "ఇవాళ బరువు లేదు మామా, గానుగ చుట్టూ హాయిగా తిరుగు," అంది.

మచ్చన్న తిరిగాడు. వాకిలి వైపు వచ్చినప్పుడల్లా దూరాన ఏరు మెరుస్తూ కనిపించింది. కాసేపటికి ఆగిపోయాడు.

"అల్లుడూ, ఆ గంతలు మళ్లీ కట్టెయ్యి."