అరకిలో రాయి

తొమ్మిదో తరగతిలో నా లెక్క సరిగ్గా వచ్చినా ఆదిమూలం అయ్యవారు ఎందుకు కొట్టారన్న సందేహం ఇరవై ఏళ్లుగా నన్ను విడవలేదు. సమీకరణం నేర్పడానికి ఆయన మా అంగడి తక్కెడ తెప్పించారు. ఎక్స్‌కు రెండు వందలు కలిపితే అయిదు వందలు; ఎక్స్ విలువ మూడు వందల గ్రాములన్నాను. తపాలాఫీసులో తూచి తెచ్చిన సరిగ్గా అంతే బరువున్న పొట్లానికి రెండు వందల రాయి కలిపి, అవతల మా అరకిలో రాయి పెట్టారు. ముల్లు మధ్యలో నిలవలేదు. నా చెంప వాచింది.

నిన్న అంగడిలో ఆయనకు పప్పు తూస్తూ అడిగేశాను.

“నీ లెక్క సరిగానే ఉండాది దేవరాజులూ. మీ నాయన రాయే తక్కువ.”

“మరి నన్నెందుకు కొడితిరి అయ్యోరా?”

“నలభై మంది పిల్లోళ్లు సూస్తా ఉండారు. లెక్క తప్పంటే ఒక దెబ్బతో పోతాది. రాయి తప్పంటే పూతలపట్టు ఊరంతా నిన్ను దొంగ కొడుకంటాది గదప్పా.”

తక్కెడలో ఉన్నది ఆ రాయే. తీసి కింద పెట్టాను. అంగడి దిగి, ఇన్నేళ్లూ ఎగ్గొట్టిన దండం ఆయన కాళ్లకు పెట్టాను.