లోయలోకి దిగే డ్రోన్

"మొదటిసారంటున్నారు కదమ్మా, కెమెరా లేనిది తీసుకోండి. చెయ్యి తిరిగేదాకా పడేస్తూనే ఉంటారు," అన్నాడు దుకాణదారు.

"కెమెరా లేకపోతే నాకెందుకు బాబూ? ఇది లోయలోకి దిగుతుందా?"

"దిగుతుంది. అందరూ పైకెగరేస్తామంటే మీరేంటి, కిందికంటారు?" నవ్వాడతను.

"మా తమ్ముడు కొండమీదికెళ్లి తిరిగి రాలేదు. వెతికినవాళ్లు లోయ అంచునుంచే వెనక్కొచ్చి, పడిపోయుంటాడన్నారు. అక్కడ లేడని తేలితే, ఎక్కడో బతికే ఉన్నట్టేగా!"

అతను అమ్మకానికి తీసిన డబ్బా పక్కనపెట్టి, లోపలినుంచి తన సొంత డ్రోన్ తెచ్చాడు.

"పదండక్కా, నేను నడుపుతాను. మీరు మాత్రం స్క్రీన్ చూడకండి."

"ఆరోజు వాడేసుకెళ్లిన చొక్కా నేను కొనిచ్చిందే బాబూ," అంటూ ఆవిడ చెప్పులేసుకుంది. "నేను చూడకపోతే, అది వాడు కాదని ఎవరు చెబుతారు?"