ఒళ్లో అద్దం

"ఇదేంది? బిడ్డను జూలూరుపాడుకు తోల్కపోతున్నమా, చంద్రుని మీదికి పంపుతున్నమా?" అంటూ వజీర్ కారు వెనక నుంచి పిల్లల సీటును పీకి దుకాణం మెట్ల మీద పడేశాడు.

"దానిష్‌కు ఏడాదే కద అబ్బా, దాంట్లనే కూసోబెట్టాలె," అంది కూతురు షబ్రీన్, కొడుకును చంకనేసుకుని.

"నిన్ను మీ అమ్మీ ఒళ్లో పెట్టుకొనే ఊరూరు తిప్పింది. ఏమైంది? కారెక్కినోళ్లందరికీ షోకులే!"

సీటు తీసిన చోట, జూలూరుపాడు పెళ్లివారికి చేర్చాల్సిన పెద్ద అద్దాన్ని దుప్పట్లో చుట్టి పెట్టాడు. బెల్టు బిగించాడు. అది చాలదని తాడు కూడా కట్టాడు. సత్తుపల్లిలో ముప్పై ఏళ్లుగా అద్దాలమ్ముతున్న మనిషికి ఒకరు నేర్పాలా?

"అద్దం నేను ఒళ్లో పట్టుకుంట. వాని సీటు పెట్టు అబ్బా."

వజీర్ కస్సుమన్నాడు. "తెల్వి ఉన్నదా నీకు? బర్రె అడ్డమొచ్చి బ్రేక్ కొడితే, ఎంత గట్టిగ పట్టుకున్నా చేతుల్ల ఆగుతదా? ఎగిరిపోయి ముందట తగుల్తది. అద్దాన్ని ఒళ్లో పెట్టుకునేటోడు నా దుకాణం మెట్టెక్కొద్దు!"

షబ్రీన్ కారెక్కింది. ముందు సీట్లో కూర్చుని, దానిష్‌ను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది.

"పోదాం పా అబ్బా."

వజీర్ తాళం తిప్పాడు. ఆ చేతుల వంక చూశాడు. బండి ఆపేసి దిగాడు.

తాడు విప్పి, అద్దాన్ని దుకాణంలో పెట్టి వచ్చాడు. మెట్ల మీది సీటును రుమాలుతో దులిపాడు.

"ఏం చూస్తున్నవ్?" అని గద్దించాడు. "అద్దాలు కట్టుడే వచ్చు నాకు. దీన్నెట్ల కట్టాల్నో జర చూపియ్యి."