ఆయిల్ కూలర్ కావాలా?

విడిభాగాలు తెప్పించి, తమ్ముడు గంగాధర్, నేను కోరుట్లలో మూడేళ్లుగా ఒక కారు బిగిస్తున్నాం, మేమిద్దరం తిరగడానికి. ఇంజన్‌కు దాని ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్ కావాలా వద్దా అన్నది మాత్రం నాకు తేలలేదు.

“సిరిసిల్ల దాక పోయొచ్చే బండికి కూలరెందుకే అక్కా? ఎండాకాలం మనకే లేకపాయె!” అని నవ్వేవాడు.

నేను ఫిజిక్స్ లెక్చరర్ని. లెక్క కట్టి చూసినా మా రోడ్లకు, మా వేగానికి అక్కర్లేదనే వచ్చింది. అయినా అనుమానం పోలేదు.

ఈ ఆదివారం షెడ్డుకు వెళ్లేసరికి రేడియేటర్ ముందు కొత్త కూలర్ బిగించి ఉంది.

“నా మాట విన్నవారా తమ్మీ!”

గంగాధర్ పానా తుడుస్తూ తలెత్తలేదు. “కొన్నోళ్లు పెట్టియ్యమన్నరక్కా. హైదరాబాదోళ్లు. పందేలల్ల ఆపకుండ ఉరికిస్తరట.”

“అమ్మినవా? నాకొక్క మాట చెప్పకుండనా?”

“చెప్తె ఆలోచిద్దామంటవు. నువ్వు ఆలోచించేసరికి ఏడాదైతది.”

నిజమే, ఆలోచిద్దామనే అనేదాన్ని.

“మరి ఎంత పెద్ద కూలర్ పెట్టాల్నో ఎవరు చెప్పిన్రు?”

వాడు బల్ల మీది కాగితాలు చూపించాడు. నా చేతిరాతే. గంటసేపు ఆపకుండా ఉరికిస్తే ఆయిల్ ఎంత వేడెక్కుతుందని పోయిన వారం వాడు అడిగితే, నా అనుమానం వాడికీ పట్టిందని మురిసిపోతూ కట్టిచ్చిన లెక్క.