సగం గుడ్డు

సర్కారు బడి గేటులోని యంత్రం రోజూ పిల్లల కళ్లలోకి చూసి, తెలివైనవాళ్లని మేడమీదికీ మిగతావాళ్లని రేకుల షెడ్డుకీ పంపుతుంది. మధ్యాహ్నం మేడమీద అన్నంలో గుడ్డు పెడతారు, షెడ్డులో పెట్టరు. నాంచారి కవల కూతుళ్లలో జాబిలిది మేడ, వెన్నెలది షెడ్డు.

ఇవాళ యంత్రం జాబిలినీ షెడ్డుకే పొమ్మంది. ఎందుకని నాంచారి నిలదీస్తే, అది తియ్యగా చెప్పింది. "నిన్న తన గుడ్డులో సగం చెల్లెలికి దాచి పెట్టిందండీ. తనకి నష్టమని తెలిసీ పంచేది తెలివైన పిల్ల కాదు."

"నిజమే కదమ్మా, పిల్లకి కాస్త బుద్ధి చెప్పుకో" అన్నాడు పక్కనే ఉన్న హెడ్మాస్టరు.

నాంచారి థూ అని గేటు మీదే ఉమ్మి, కూతుళ్లిద్దరి చేతులూ పట్టుకుంది.

"ఆ తెలివేదో మీ పిల్లలకే నేర్పుకోండి సారూ. రేపు మీరు మంచాన పడితే, ముద్ద పెట్టాల్సింది వాళ్లేగా!"